బందరు బురద చెప్పే హిసాబ్

బందరు అనే మాట మన ఇళ్లలోంచి వెళ్లిందే. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. ఇరాన్‌లో బందర్ అబ్బాస్ ఎలాగో, మన కృష్ణా జిల్లాలో మచిలీబందర్ అలాగ. పేరులోనే రేవు ఉన్న ఊరికి ఒకటిన్నర శతాబ్దంగా చెప్పుకోదగ్గ రేవు లేదు. ఇంతకంటే పెద్ద అఫ్సోస్ ఏముంటుంది దోస్తులారా?

ఎందుకిలా అయిందని మన బుజుర్గులను అడిగితే ఒకటే జవాబు వస్తుంది. 1864లో ఉప్పెన వచ్చింది, ఊరు మునిగింది, అల్లాహ్ మర్జీ, బందరు ఖతం. ఈ కిస్సా సగం నిజం. మిగతా సగంలో ఇన్సాన్ చేతి పని ఉంది. ఆ సగాన్ని ఎవరూ మనకు చెప్పలేదు. కొండ మీద నరికిన చెట్టు, నదికి కట్టిన కట్ట, తీరంలో తవ్విన చెరువు, అన్నీ చివరికి సముద్రం ఖాతాలోనే జమ అవుతాయి. ఆ ఖాతాను బందరు దగ్గర తెరిచి చూద్దామని ఈ మజ్మూన్ రాస్తున్నాను.

జహాజుల జమానా

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ సల్తనతుకు సముద్రం వైపు దర్వాజా బందరే. ఇక్కడి నుంచి జహాజులు ఒక వైపు పెగూ, అరకాన్, తెనసెరిమ్, ఆచే దాకా, మరో వైపు బందర్ అబ్బాస్, మోఖా దాకా వెళ్లేవి. ఎర్ర సముద్రం వైపు వెళ్లే ఓడల్లో సరుకుతో పాటు హజ్‌కు వెళ్లే ముసాఫిర్లు కూడా ఉండేవారు. హైదరాబాద్ పుట్టింది 1591లో. ఆ షహర్ ఖజానాకు వచ్చిన రూపాయల్లో ఈ రేవు సుంకం వాటా చిన్నది కాదు. ఔరంగజేబు కొలువులో పెద్ద పేరు సంపాదించిన మీర్ జుమ్లా అంతకు ముందు ఈ బందరులో హవల్దారుగా పనిచేశాడు. సొంత జహాజులు నడిపిన సౌదాగర్ కూడా.

డచ్చివాళ్లు 1605లో వచ్చారు. ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ అనే ఓడ 1611లో ముందు నిజాంపట్నం దగ్గర ఆగి, తర్వాత బందరుకు వచ్చింది. ఫ్రెంచివాళ్లు 1669లో దిగారు. వాళ్లంతా పోయారు, పేర్లు మిగిలాయి. ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఊళ్లో డచ్చి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి.

అయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. అంత వైభవం ఉన్న రోజుల్లో కూడా పెద్ద జహాజు బందరు ఒడ్డుకు వచ్చి ఆగింది లేదు. ఇక్కడ సముద్రం లోతు తక్కువ. అడుగంతా మెత్తటి బురద. జహాజులు కొన్ని మైళ్ల దూరంలోనే లంగరు వేసేవి. సరుకును, మనుషులను చిన్న పడవల మీద పాయలోంచి ఊళ్లోకి తెచ్చేవారు. మేకులు లేకుండా పలకలను తాళ్లతో కుట్టిన మసూలా పడవలు ఆ జమానావే. అంటే బందరు రేవు ప్రకృతితో కుస్తీ పట్టి గెలిచింది కాదు, దానితో సర్దుకుని బతికింది.

ఎర్రరంగు ఎక్కడి నుంచి వచ్చింది

బందరు పేరును దేశాలు దాటించింది కలంకారీ. కలం, కారీ, రెండూ ఫార్సీ మాటలే. ఆ గుడ్డ మీద ఎరుపు చూసి ఇరాన్ దర్బారుల నుంచి యూరప్ బజార్ల దాకా ముగ్ధులయ్యారు. ఆ ఎరుపు చిరివేరు అనే చిన్న మొక్క వేరులోంచి వచ్చేది. నిజాంపట్నం వైపు తీరపు ఇసుకలో పెరిగే వేరుకు ఎక్కువ గిరాకీ ఉండేది. ఆ నేలలో గవ్వలు, ఆల్చిప్పల సున్నం కలిసి ఉండటం వల్లే వేరులో రంగు అంత చిక్కగా దిగుతుందని చెబుతారు. రంగు అద్దిన గుడ్డను మళ్లీ మళ్లీ ఉతకడానికి పారే మంచినీళ్లు కావాలి. వాటిని కృష్ణ కాలువలు ఇచ్చేవి.

అంటే సల్తనతు దౌలతులో ఒక పెద్ద వాటా తీరపు ఇసుక, గవ్వ సున్నం, పారే నీళ్లు ఇచ్చిందే. కారీగర్ల మెహనత్ ఎంత ఉందో, ఈ మూడింటి అమానత్ కూడా అంతే ఉంది. సుంకం లెక్కలు రాసిన మునషీ ఈ మూడింటిని ఏ దఫ్తరులోనూ రాయలేదు. ఉచితంగా వచ్చిన దానికి ఖాతా ఎవరు పెడతారు?

బురద మీద శికాయత్

ఇక బురద దగ్గరకు వద్దాం. పడమటి కనుమల్లో పుట్టిన కృష్ణ దక్కన్ నల్లరేగడి నేలల మీదుగా మన దాకా వచ్చేటప్పుడు ఒండ్రు మోసుకొస్తుంది. వేల ఏళ్లుగా ఆ ఒండ్రు సముద్రంలో పడి నేల తయారైంది. దివిసీమ ఇలా పుట్టిందే. ఇప్పుడు సముద్రానికి ముప్పై కిలోమీటర్లకు పైగా లోపల ఉన్న కొల్లేరు ఒకప్పుడు తీరం పక్క ఉప్పునీటి మడుగని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. గోదావరి, కృష్ణ రెండూ ఒండ్రు పోస్తూ పోస్తూ సముద్రాన్ని వెనక్కి నెట్టాయి.

రేవు నడిపేవాళ్లకు ఇదే బురద దుష్మన్. పాయ పూడిపోతోందని, పడవలు తిరగడం లేదని శికాయతులు. బందరు తగ్గిపోవడానికి బురద ఒక్కటే కారణం కాదు. 1759లో ఊరు కంపెనీ చేతికి వచ్చాక సర్కారు నజర్ మద్రాసు మీదే నిలిచింది. లాంకషైర్ మిల్లు గుడ్డ వచ్చి కలంకారీ కడుపు కొట్టింది. రైలు వచ్చాక సరుకు దారి మారింది. 1933లో విశాఖపట్నం రేవు తెరిచాక పెద్ద జహాజులు ఇటు చూడాల్సిన జరూరత్ లేకుండా పోయింది. వీటన్నిటి మధ్య బురద ఒక ముద్దాయి మాత్రమే.

కానీ ఆ ముద్దాయి చేస్తున్న మేలు ఎవరూ లెక్కేయలేదు. ఏటా వచ్చి పడే ఒండ్రే తీరానికి కవచం. అల కోసుకుపోయిన దాన్ని నది మళ్లీ పూరిస్తుంది. రేవుకు శికాయత్ అయినదే నేలకు సర్మాయా.

ఆనకట్ట ఇచ్చింది, ఆనకట్ట పట్టుకుంది

1832, 33లలో గుంటూరు సీమలో దొక్కల కరువు వచ్చింది. ఆకలికి ఒంట్లో ఎముకలు తప్ప ఏమీ మిగలని మనుషులను చూసి జనం పెట్టిన పేరది. ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల దాకా పోయారని అప్పటి లెక్కలు. కృష్ణ పక్కనే పారుతుండగా జనం దాహంతో, ఆకలితో చచ్చారు. ఆ చావుల తర్వాతే ఆనకట్టల మాట గట్టిగా వినిపించింది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852కు, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855కు పూర్తయ్యాయి. డెల్టా పచ్చబడింది. మన ఖాందాన్లు ఎన్నో ఆ పచ్చదనం మీదే నిలబడ్డాయి. ఈ ఎహసాన్ మరిచిపోతే ఇన్సాఫ్ కాదు.

1952లో పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. ఎగువన 1953లో తుంగభద్ర, 1967లో నాగార్జునసాగర్, 1980లలో శ్రీశైలం, ఆ తర్వాత ఆలమట్టి. ఒక్కొక్క ఆనకట్ట వెనుక నీళ్లు నిలిచాయి. నీళ్లు నిలిచిన చోట ఒండ్రు అడుక్కి దిగిపోయింది. కాలువల్లో నీళ్లు వచ్చాయి కాబట్టి మనకు నది ఆగినట్టు తెలియలేదు. సముద్రానికి తెలిసింది.

దీన్ని కొలిచినవాళ్లున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పటాలు, ఉపగ్రహ చిత్రాలు, నది మీద సర్కారు తీసిన ఒండ్రు లెక్కలు పక్కపక్కన పెట్టి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. కృష్ణ ఏటా మోసుకొచ్చే ఒండ్రు 1966-69 నాటికి 90 లక్షల టన్నులుంటే, 2000-2005 నాటికి 4 లక్షల టన్నులకు పడిపోయింది. అంటే 20 పాళ్లలో ఒక పాలు కూడా మిగలలేదు. గోదావరిలో 1970లలో 15 కోట్ల టన్నులుండగా 2000-2006 నాటికి 5.7 కోట్ల టన్నులకు తగ్గింది. ఫలితం తీరం మీద కనబడింది. రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో, 1965 నుంచి 2008 దాకా 43 ఏళ్లలో, పెరిగింది పోను 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. 1990కి ముందు ఏడాదికి 1.39 చదరపు కిలోమీటర్లున్న కోత, ఆ తర్వాత 2.3 దాకా పెరిగింది.

ఒకప్పుడు రేవు పూడిపోతోందని బురదను తిట్టాం. ఇప్పుడు బురద రాక నేల పోతోంది. బందరు తారీఖ్‌లో ఇంతకంటే చేదు మలుపు నాకు కనబడలేదు.

రెండు ఉప్పెనలు, ఒక సబక్

1864 నవంబర్ 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల కలిపి 30,000 మంది పోయారని రికార్డు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది. తుఫాను పుట్టడం ఇన్సాన్ చేతిలో లేదు, మానుతాను. కానీ అది ఒడ్డు మీద ఎంత నుక్సాన్ చేస్తుందన్న దాంట్లో ఇన్సాన్ వాటా ఉంది.

మడ అడవుల సంగతి తీసుకోండి. మడ చెట్టు కాళ్లు బురదలో, తల ఎండలో పెట్టుకుని పోటు నీళ్లలో బతుకుతుంది. దాని వేళ్ల వలలో ఒండ్రు నిలుస్తుంది. రొయ్య, పీత, చేప పిల్లలకు అదే పాలన్ ఘర్. పెద్ద అల వచ్చినప్పుడు దాని జోరును ఆ వేళ్లు, కొమ్మలే ముందు తట్టుకుంటాయి. 1999లో ఒడిశాను ముంచిన మహా తుఫాను తర్వాత కేంద్రపడా జిల్లా ఊళ్లలో చావుల లెక్కలు తీసి చూశారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న చోట చావులు తక్కువ. కవిత్వం కాదిది, ఊరూరా తీసిన గణాంకం.

మన దగ్గర కృష్ణ ముఖద్వారం మడ అడవులను 1989లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. అప్పటికే అంచుల్లో చాలా పోయింది. వంట చెరకుకు కొంత, మిగతాది దేనికో ఇప్పుడు చెబుతాను.

రొయ్యల దౌలత్

1980ల చివర, 1990ల మొదట్లో మన తీరానికి రొయ్య వచ్చింది. టైగర్ రొయ్య. జపాన్, అమెరికా కొంటున్నాయి, ఒక పంటకే ఇల్లు కట్టేయొచ్చు అనే మాట ఊరూరా పాకింది. పర్ర భూములు, మడ పొదలు, కొన్ని చోట్ల వరి పొలాలు కూడా చెరువులయ్యాయి. హేచరీలు సరిపోని రోజుల్లో ఆడవాళ్లు, బచ్చాలు పాయల్లో సన్నకన్ను వలలతో రొయ్య పిల్లను ఏరేవారు. కావలసిన పిల్ల నాలుగు దొరికితే, దానితో పాటు పడిన వందల చేప పిల్లలను ఒడ్డున పారేసేవారు. రేపటి చేపను ఈ రోజే చంపడమన్నమాట.

1994, 95లలో తెల్లమచ్చల వైరస్ వచ్చింది. చెరువులు రాత్రికి రాత్రి ఖాళీ. మా రిష్తేదారుల్లో ఒకాయన ఆ రెండేళ్లలో భార్య నగలు, రెండెకరాల వరి చేను, రెండూ పోగొట్టుకుని గల్ఫ్‌కు వెళ్లాడు. ఆయన చేను ఇప్పుడు చేను కాదు, చెరువూ కాదు. ఉప్పు తేలిన ఖాళీ నేల.

1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో పెద్ద ఫైసలా ఇచ్చింది. నాగపూర్‌లోని నీరీ సంస్థ చేత కోర్టు తీరమంతా తనిఖీ చేయించింది. రొయ్యల అమ్మకం వల్ల వచ్చిన రాబడి కంటే తీరానికి, సాగుకు, తాగునీటికి జరిగిన నుక్సాన్ ఎక్కువని ఆ నివేదిక తేల్చింది. తీర నియంత్రణ మండలంలో ఉన్న చెరువులు తీసేయాలని, పాడు చేసినవాడే పరిహారం కట్టాలని కోర్టు చెప్పింది. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్ చేయించుకున్న చెరువులకు దారి దొరికింది. 2009 నుంచి వనామీ రొయ్య వచ్చింది. ఇప్పుడు దేశంలో రొయ్య ఎక్కువగా పండించేది మన రాష్ట్రమే. దీని మీద బతికే కుటుంబాల్లో మనవీ ఉన్నాయి. చెరువు గట్టు మీద, ప్రాసెసింగ్ షెడ్డులో ఐస్ మీద నిలబడి తలకాయలు తీసే ఆడవాళ్లలో మన ఖాలాలు, బాజీలు ఉన్నారు. వాళ్ల రోజ్‌గార్‌ను తేలిగ్గా తీసేసే మాట నేను అనను. ఫాయిదా ఒకరి జేబులోకి, ఉప్పునీళ్లు పక్కవాడి బావిలోకి వెళ్తున్నప్పుడు హిసాబ్ సగమే రాస్తున్నామని మాత్రం అంటాను.

కొలబద్ద ఎక్కడ పెట్టాలి

నుక్సాన్ కొలవాలంటే మొదట ఏది మామూలో తెలియాలి. చేపల శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో ఒక ముచ్చట చెప్పాడు. ప్రతి తరం తన బచ్పన్‌లో చూసిన సముద్రాన్నే అసలు సముద్రం అనుకుంటుంది. తాత చూసిన దాంట్లో సగం తండ్రి చూస్తాడు, అందులో సగం కొడుకు చూస్తాడు. కొడుకు మాత్రం తన కళ్ల ముందు తగ్గిన కొద్దిపాటినే నష్టమని లెక్కేస్తాడు. కొలబద్దే జారిపోతోంది, మనకు తెలియడం లేదు.

మన చట్టాలకూ ఇదే జబ్బు. తీర నియంత్రణ నోటిఫికేషన్ 1991లో వచ్చింది. పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావం అంచనా వేయాలన్న నోటిఫికేషన్ 1994లో వచ్చింది. 2006లో దాన్ని మార్చారు. 2019లో తీర నియమాలు మళ్లీ మారి, జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో నిర్మాణాలు కూడని మేర 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గింది. ప్రభావం అంచనా వేసే కంపెనీ వచ్చి కొన్ని నెలలు నీళ్లు, గాలి, చేపలు కొలుస్తుంది. ఈ రోజు ఉన్నదే మామూలని రాసుకుంటుంది. అప్పటికే పోయిన మడ, పోయిన ఒండ్రు ఆ ఫైలులో ఉండవు. నూరేళ్ల కిందటి తీరం గురించి అడిగేవాడు లేడు. తారీఖ్ రాసేవాడు అవసరమయ్యేది ఇక్కడే.

కొత్త పోర్టు, పాత సబక్

పదిహేనేళ్లకు పైగా మాటల్లో నలిగిన బందరు పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. నాకు ఖుషీగానే ఉంది. మన నౌజవాన్లు కువైట్, సౌదీ వెళ్లి డ్రైవింగ్ చేసే బదులు సొంత ఊళ్లో నౌకరీ చేస్తే ఏ అమ్మీ వద్దంటుంది? కానీ మద్రాసు కథ తెలిసి ఉండాలి.

మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ఎక్కువగా నడుస్తుంది. 1876 నుంచి మద్రాసు రేవుకు సముద్రంలోకి గోడలు కట్టారు. నడిచే ఇసుక గోడకు తగిలి దక్షిణాన ఆగింది. అలా పెరిగిందే మెరీనా బీచ్. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక తీరం కోసుకుపోయింది. పోయింది మత్స్యకారుల ఇళ్లు. విశాఖలో కూడా రేవు గోడల వల్ల బీచ్‌కు ఇసుక తగ్గితే, తవ్విన ఇసుకను తెచ్చి ఆర్.కె. బీచ్‌లో పోయాల్సి వస్తోంది. బందరుకు ఇంకో కష్టం కూడా ఉంది. ఇక్కడ నది తెచ్చే ఒండ్రు ముందే ఎండిపోయింది. ఉన్న కొద్ది ఇసుకను కూడా గోడ ఆపితే, పోర్టుకు ఉత్తరాన ఉన్న ఊళ్లకు ఏం మిగులుతుంది? ఏటా ఎంత ఇసుకను అవతలికి చేర్చాలి, ఆ ఖర్చు ఎవరిది, కోత కొలిచే రాళ్లు ఎక్కడ పాతుతారు? ఈ మూడు సవాళ్లకు రాతపూర్వకంగా జవాబు అడగడం పోర్టుకు దుష్మనీ కాదు. మహల్ కట్టేటప్పుడు పునాది గురించి అడిగినట్టే.

మన సందూకుల్లో ఉన్న సబూత్

మా నానా తరఫు ఇంట్లో ఒక పాత అమ్మకం దస్తావేజు ఉంది. బందరుకు దక్షిణాన ఓ పల్లెలో భూమిది, 1930ల నాటిది. చెక్కుబందీలో తూర్పు హద్దు దగ్గర "మడ తోపు, దాని మీదట పోటు కాలువ" అని రాసి ఉంది. నేను వెళ్లి చూశాను. తోపు లేదు. కాలువ ఉంది, కానీ రెండు చెరువుల మధ్య మురుగు బోదెలా. ఆ ఒక్క వాక్యం నాకు ఏ నివేదికలోనూ దొరకని కొలబద్ద.

ఇలాంటివి మీ ఇళ్లలోనూ ఉంటాయి. తీరం దగ్గరి మస్జిదుల, దర్గాల, ఖబ్రస్తాన్ల వక్ఫ్ కాగితాల్లో నాలుగు దిక్కుల హద్దులు రాసి ఉంటాయి. సముద్రం ఎంత దూరంలో ఉండేదో, ఏ పాయ ఎటు పారేదో వాటిలో దొరుకుతుంది. మీ నానీలకు ఏ నెలలో ఏ చేప వచ్చేదో, ఏ బావి నీళ్లు ఏ సంవత్సరం ఉప్పెక్కాయో యాద్ ఉంటుంది. చదువుకున్న బచ్చాలు ఫోనులో ఆ మాటలు రికార్డు చేయండి. కాగితాల ఫోటోలు తీయండి, తారీఖు వేసి దాచండి. ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టినప్పుడు, జెండాలు పట్టుకుని అరిచే వాళ్ల మధ్య ఒక పాత దస్తావేజు నకలు బల్ల మీద పెట్టి, ఇది ఇక్కడ ఉండేది, ఎక్కడికి పోయింది అని అడగండి. ఆ సవాలును మినిట్స్‌లో రాయించండి. రాయించాక ఒక కాపీ తీసుకోండి.

కుతుబ్‌షాహీ మునషీ ఇసుకను, సున్నాన్ని, నీళ్లను దఫ్తరులో రాయలేదు. కాటన్ కాలం ఇంజనీరు బురదను రాయలేదు. రొయ్యల జమానాలో మనం పక్కవాడి బావిని రాయలేదు. ఈసారైనా హిసాబ్ మొదటి రోజు నుంచే పూర్తిగా రాసి పెడదాం. కాగితం మీద లేని నుక్సాన్‌కు ఏ అదాలత్ పరిహారం ఇవ్వదు.